తట్టెడు చవుడు

నేను పిరికిదాన్ని. దాచుకోవాల్సిన పనేం లేదు, మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. ఉరుమితే మంచం కింద దూరేదాన్నని, బావిలోకి తొంగి చూడమంటే ఏడ్చేదాన్నని మా నాన్న ఇమాం హుస్సేన్ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ నవ్వుతూ చెప్పేవాడు. పిరికివాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, నిజంగా భయపడాల్సిన దానికి భయపడినా వాళ్ళ మాట ఎవరూ నమ్మరు. దూది మిద్దె విషయంలో నాకు జరిగింది అదే.

మా ఊరు చిలకలూరిపేట నుంచి లోపలికి వచ్చే రోడ్డు మీద ఉంటుంది. పత్తి చేలు దాటి మిరప కల్లాలు మొదలవగానే ఊరు వచ్చినట్టే. ఊరి మధ్యలో ఉన్న పాత ఇల్లే దూది మిద్దె. ఒకప్పుడు చుట్టుపక్కల పండిన పత్తంతా అక్కడికే వచ్చేదట. గింజ తీసేవాళ్ళు, ఏకేవాళ్ళు, వడికేవాళ్ళు ఆ ఇంట్లోనే కూర్చుని పని చేసేవాళ్ళు. ఏకేవాళ్ళలో మా ముత్తాత ఒకడు. మేం దూదేకులవాళ్ళం. మా నాన్న కూడా వయసులో ఉన్నప్పుడు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకీ బొంతలకీ దూది ఏకాడు. తర్వాత ఫోమ్ పరుపులొచ్చాయి. విల్లు అటక ఎక్కింది, నాన్న అరుగెక్కాడు.

ఆయన్ని అరుగు మీద నుంచి లేపింది వారసత్వ సమితి. గుంటూరు బ్రాడీపేటలో ఒక కళ్ళ డాక్టరు గారి క్లినిక్ పైన వాళ్ళ ఆఫీసు. అధ్యక్షురాలు రాఘవమ్మ గారు, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. కూలిపోతున్న పాత ఇళ్ళు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ ఎండలో తిరిగే మనిషి. దూది మిద్దె యలమందయ్య బాబాయి వాళ్ళది. ఆయన పెద్ద మిరప రైతు, గొంతు ఇంకా పెద్దది. ఇల్లు బాగు చేసి జనానికి చూపిస్తామంటే సమితికి ఇచ్చేశాడు, తను కూడా సభ్యుడిగా చేరాడు. గోడలకి గానుగ సున్నం పూశారు. మధ్య గదిలో మా నాన్నని కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళ ముందు ఆయన దూది ఏకాలి. నాకూ ఒక పని ఇచ్చారు. చూసి బయటికొచ్చేవాళ్ళని గుమ్మం దగ్గర ఆపి, ఫోను పట్టుకుని, "ఏం నచ్చిందండీ, ఏం నచ్చలేదండీ" అని అడిగి రికార్డు చేసుకోవాలి. సోమవారం బ్రాడీపేట వెళ్ళి వినిపించాలి. ఊళ్ళో నన్ను అభిప్రాయాల షమా అనడం మొదలుపెట్టారు.

జనం బాగానే వచ్చేవాళ్ళు. పొద్దున అమరావతిలో గుడీ స్తూపం చూసుకుని, మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఊరికి బస్సు తిప్పేవాళ్ళు. మొదట్లో వాళ్ళ అభిప్రాయాలు వింటే నాకు నవ్వొచ్చేది. బాత్రూం బాలేదనేవాళ్ళు. కల్లాల నుంచి మిరపకాయ ఘాటు కొడుతోంది, గాలి ఇటు రాకుండా ఏమైనా చెయ్యమని ఒకావిడ అడిగింది. పాత ఇల్లన్నారు గానీ పాతగా లేదని ఒకాయన తగువేసుకున్నాడు. ఏం చెప్పినా నేను తలూపి, "సమితికి చెప్తానండీ" అనేదాన్ని.

ఆ ఇంటి కప్పు గురించి కాస్త చెప్పాలి. గోడ నుంచి గోడకి పెద్ద దూలాలు, వాటి మీద వాసాలు, వాసాల మీద జమ్ము గడ్డి పరిచి, ఆపైన చవుడు మన్ను పోసి తొక్కుతారు. చవుడు నీటిని లోపలికి దిగనివ్వదు. అయితే ఏటా వానలకి ముందు కొత్త చవుడు వెయ్యాలి. వేసే ముందు పాతదాన్ని పారతో పైపైన చెక్కి కిందకి తోసేస్తారు. మిద్దెలున్న ఇళ్ళల్లో అందరికీ తెలిసిన పనే. చెక్కిన మన్ను దొడ్లో కుప్పపడితే పిల్లలం దాని మీద ఎక్కి దూకేవాళ్ళం.

రాఘవమ్మ గారికి ఒక ఆలోచన వచ్చింది. ఈ చవుడు ఊరివాళ్ళు వేసే బదులు, చూడ్డానికి వచ్చినవాళ్ళే తలా ఒక తట్ట మోసి వేస్తే ఎలా ఉంటుంది? ఇల్లు తమదన్న మమకారం కలుగుతుంది కదా. ఇంటి వెనక మెట్ల దగ్గర చవుడు కుప్ప పోయించారు. చిన్న తట్టలు కొన్నారు. ఆ రోజు నుంచి నా ఫోనులో వినపడే మాటలే మారిపోయాయి. "తట్ట మొయ్యడం సూపరండీ!" "మా పాప కూడా వేసింది, ఫొటో తీశాం." "మా చేత్తో మన్ను వేశాం, జన్మలో మర్చిపోలేం." ఏం నచ్చిందని ఎవర్నడిగినా ఒకటే జవాబు. సభ్యులు కూడా పెరిగారు. తట్ట వేసినవాళ్ళు సభ్యులుగా చేరుతున్నారని బ్రాడీపేటలో సంబరపడ్డారు. ఇక వానలకి ముందూ లేదు, వెనకా లేదు. బస్సు వచ్చిందంటే మిద్దె పైకి మన్ను వెళ్ళాల్సిందే.

మరి పాత మన్ను చెక్కే సంగతేమిటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. ఒక సభ్యుడు సమావేశంలో లేచి, పాత మన్ను తియ్యడమంటే తరాల చరిత్రను పారబోయడమేనని గంభీరంగా చెప్పాడట. అందరూ చప్పట్లు కొట్టారట. అంతే, పార మూలన పడింది. పైకి వెళ్ళే మన్ను వెళ్తోంది, కిందకి వచ్చేది మాత్రం లేదు. ఎంత చదువుకుంటే ఇంత భక్తి వస్తుందో నాకర్థం కాలేదు గానీ, నా భయం అక్కడే మొదలైంది.

మిద్దె కూలడం నేను చూశాను. నా చిన్నప్పుడు మా పక్కింటి జానీబీ అత్త వాళ్ళది కూలింది. అంతకు ముందు కొన్నాళ్ళుగా పొయ్యి మీద మట్టి రాలుతోందని అత్త విసుక్కుంటూ ఉండేది. ఎలకలని మామయ్య అనేవాడు. ఒక వాన మధ్యాహ్నం అత్త జొన్నరొట్టె తడుతోంది, నేను గడప బయట కూర్చుని చూస్తున్నాను. కిర్రుమంది. అంతే, అత్త ఉన్నచోట అత్త లేదు. మట్టిలోంచి బయటికి తీశారు, బతికింది, కానీ మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడలేదు. ఆ తర్వాతే నేను ఉరుములకి మంచం కింద దూరింది. ఆ సంగతి మా నాన్న చుట్టాలకి చెప్పడు.

దూది మిద్దెలో మొదట కనపడింది మట్టే. తెల్లటి దూది మీద నల్లటి నలుసులు. నాన్న ఒక్కొక్కటే గోటితో ఏరుతూ నన్ను కేకలేశాడు.

"ఏందే ఇది? చెప్పులేసుకుని లోపలికొస్తున్నావా?"

"నేనెందుకొస్తాను నాన్నా? పైనుంచి రాలుతోంది."

"ఎలకలయ్యుంటాయిలే."

జానీబీ అత్త ఇంట్లో మామయ్య అన్న మాటే అది.

తర్వాత తలుపు. వీధి తలుపు పైచట్రానికి పట్టేస్తూ భుజంతో నెడితే గానీ తెరుచుకోవడం లేదు. యలమందయ్య బాబాయి వడ్రంగిని పిలిపించి తలుపు అంచు చిత్రిక పట్టించాడు. కొన్నాళ్ళకి మళ్ళీ పట్టేసింది, మళ్ళీ చిత్రిక పట్టించాడు. చట్రం ఎందుకు దిగుతోందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాత విల్లు. దూది ఏకే విల్లుని చేత్తో మొయ్యరు, మనిషి నిలువంత ఉంటుంది. పై దూలానికి తాడు కట్టి వేలాడదీస్తారు. కింద దూది కుప్ప ముందు కూర్చుని, విల్లుకి బిగించిన నరాన్ని చెక్క గూటంతో లాగి వదులుతుంటే టంయ్ టంయ్ మంటూ దూది విచ్చుకుంటుంది. ఒకరోజు నాన్న విల్లు దించి తాడు పొట్టిగా కట్టుకుంటున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"తాడు సాగింది. విల్లు నేలకి తగుల్తోంది."

"మొన్నేగా పొట్టి చేశావు?"

"నాసిరకం తాళ్ళమ్మా ఇప్పుడొచ్చేవి. అప్పుడూ సాగింది, ఇప్పుడూ సాగింది."

నేను తల పైకెత్తి దూలం వంక చూశాను. తాడు సాగలేదు. దూలం కిందకి వస్తోంది. మా నాన్న తల మీదకి వస్తోంది. గోడ పట్టుకుని నిలబడ్డాను.

"నాన్నా, ఇక్కడ కూర్చోవద్దు. అరుగు మీద ఏకు. చూసేవాళ్ళు అక్కడే చూస్తారు."

"అరుగు మీద గాలికి దూదంతా ఎగిరిపోద్ది. అయినా విల్లు దేనికి కట్టమంటావు, నీ మెళ్ళోనా?"

"ఆ దూలం వంగింది చూడు."

"నీ మొహం. అది మా తాతల కాలం నుంచీ ఉంది. నువ్వు పుట్టినప్పటి నుంచీ పిరికిదానివి, నేను కాదు."

నవ్వుకుంటూ గూటం తీసుకున్నాడు. అప్పుడే బస్సు దిగినవాళ్ళు లోపలికొచ్చారు. ఆయన నడుం నిటారుగా పెట్టి విల్లు మీటాడు. దూది నురగలా పొంగింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వింటున్నప్పుడు ఆయన ముఖం చూస్తే ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళినట్టుంటుంది. అరుగు మీద పడి ఉన్న ఆ ఏళ్ళన్నీ ఆయనకి చప్పట్లలో తిరిగొచ్చాయి. ప్రాణభయం చూపించి ఆయన్ని అక్కడి నుంచి కదపడం నా వల్ల కాదని అప్పుడే తెలిసింది.

ఇక చప్పుడు. అది గుమ్మం దగ్గర నిలబడే నాకే వినపడేది. లోపల విల్లు మోగుతుంటే మధ్యమధ్యలో సన్నగా కిర్రుమనేది, ఎవరో పైన పళ్ళు కొరుకుతున్నట్టు. పైన జనం తట్టలు గుమ్మరిస్తున్నప్పుడు ఎక్కువయ్యేది. ఫోను ముందుకు చాచి, "ఏం నచ్చిందండీ?" అని నవ్వు ముఖంతో అడుగుతూ, చెవులు మాత్రం లోపలే పెట్టి నిలబడేదాన్ని. ఫోను చేజారితే, "మొహమాటపడకమ్మా" అని వచ్చినవాళ్ళు నాకే ధైర్యం చెప్పేవాళ్ళు.

యలమందయ్య బాబాయికి చెప్పాను. కల్లంలో కాయ ఏరిస్తూ ఉన్నాడు.

"టేకు దూలాలే పిచ్చిదానా! ఏనుగు ఎక్కినా కదలవు. మా తాత ఏరి కోరి తెప్పించాడు."

"మీ తాత ఇంత మన్ను ఎక్కించలేదు బాబాయ్. పాతది చెక్కించండి, చాలు."

"నేను చెక్కిస్తే చరిత్ర చెక్కేశానంటారు. నాకెందుకా గోల? సమితిలో అడుగు."

సమితిలో అడిగాను. వార్షిక దినం దగ్గర పడుతోంది, ఆదివారం సభ్యులందరూ కుటుంబాలతో మిద్దె దగ్గరికి వస్తారు. దానికి ముందు సోమవారం బ్రాడీపేటలో నా రికార్డులు వినిపించారు. తట్ట, తట్ట, తట్ట. అందరి ముఖాలూ వెలిగిపోయాయి. నేను లేచి నిలబడి దూలం గురించి చెప్పాను. మాట తడబడింది. పిరికిదాని గొంతు పిరికిగానే వస్తుంది.

ఒక సభ్యుడు కళ్ళజోడు పైకి తోసుకుని, "అమ్మాయ్, నువ్వు అభిప్రాయాలు అడిగేదానివి, చెప్పేదానివి కాదు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఇంకొకావిడ, "తట్ట ఆపేస్తే ఎవరొస్తారండీ?" అంది. రాఘవమ్మ గారు మాత్రం నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "వార్షిక దినం కానివ్వు షమా. ఆ తర్వాత ఇంజనీరుని తీసుకొచ్చి చూపిస్తాను, నాదీ పూచీ" అన్నారు. మంచి మనిషి, మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ ఇంజనీరు కంటే ఆదివారమే ముందు వస్తుంది. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

డిసెంబరు నెలే అయినా శుక్రవారం నుంచి వాన పట్టుకుంది. బంగాళాఖాతంలో వాయుగుండమన్నారు. కల్లాల్లో మిరపకాయల మీద పట్టాలు కప్పుకుంటూ జనం పరుగులు తీశారు. నా భర్త ఖలీల్ ఆటోలో అందరి పట్టాలూ మోశాడు. నేను మిద్దె మెట్లెక్కి చూశాను. చవుడు నీటిని లోపలికి దిగనివ్వదు, నిజమే. అయితే అక్కడున్నది తొక్కిన చవుడు కాదు, గుమ్మరించిన చవుడు. ఎవరికి తోచిన చోట వాళ్ళు తట్ట బోర్లించి, ఫొటో తీసుకుని దిగిపోయారు. ఆ గుంటల్లో నీళ్ళు నిలిచి మన్నంతా పీల్చుకుంటోంది. దాని మీద కాలు పెట్టడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. రాఘవమ్మ గారికి ఫోన్ చేశాను. "వాన తగ్గుతుందన్నారు షమా, షామియానా వేయిద్దాం" అన్నారు.

ఆదివారం వాన తగ్గింది. జల్లు మాత్రం పడుతోంది. మిద్దె ముందు షామియానా వేశారు, కుర్చీలు వేశారు. సభ్యులు కార్లు దిగి బురదలో చీరలు ఎత్తి పట్టుకుని వస్తున్నారు. మెట్లు జారుతున్నాయి కాబట్టి తట్టల కార్యక్రమం మధ్యాహ్నానికి మార్చారు. ముందుగా అందరూ లోపలికి వెళ్ళి ఇమాం గారి దూది పని చూడాలి. టీలు తాగుతున్నారు. టీ అయిపోగానే లోపలికి వెళ్తారు. పిల్లలు కూడా ఉన్నారు.

నేను లోపలికి వెళ్ళాను. నాన్న తెల్ల లాల్చీ వేసుకుని దూది ముందు కూర్చున్నాడు. దూది మీద మట్టి నలుసులు కాదు, పెళ్ళలే ఉన్నాయి. ఏరి పక్కన పెట్టుకుంటున్నాడు. విల్లు మళ్ళీ నేలకి ఆనుతోంది. గోడలోకి దూలం దూరిన చోట సున్నం చీలి, వేలు పట్టేంత సందు కనపడింది.

"నాన్నా, లే. బయటికి రా."

"మళ్ళీ మొదలెట్టావా? అంతమంది వచ్చారు, వాళ్ళ ముందు నా పరువు తియ్యకు."

"నీ కాళ్ళు పట్టుకుంటాను నాన్నా."

"పో అవతలికి."

కిర్రుమంది. ఈసారి గట్టిగానే వినపడింది. నాన్న అప్పుడే నరం సరిచూసుకుంటూ టంయ్ మనిపించాడు, ఆయన వినలేదు. బయట రాఘవమ్మ గారు "రండి రండి, లోపలికి వెళ్దాం" అంటున్నారు. ఆయన దేనికి లేస్తాడో, దేనికి లేవడో నాకు తెలుసు. భయానికి లేవడు. నా కన్నీళ్ళకి లేవడు. ఇక ఒక్కటే మిగిలింది. అదే అన్నాను.

"నువ్వు ఏకక్కర్లేదంటున్నారు నాన్నా."

"ఎవరు?"

"చూసిపోయినవాళ్ళు. సోమవారం ఆఫీసులో అందరూ విన్నారు. నీకు చెప్పకూడదనుకున్నా. ముసలాయన విల్లు మోతకి తలనొప్పొస్తోందన్నారు. దూది నిండా మట్టేనట. చేతకానివాణ్ణి ఎందుకు కూర్చోబెట్టారని అడిగారు."

ఆయన చేతిలో గూటం ఆగిపోయింది. దూది మీద పెళ్ళల వంక చూశాడు. నా ముఖంలోకి చూశాడు. నేను కళ్ళు దించుకోలేదు. దించుకుంటే అబద్ధమని తెలిసిపోతుంది.

"దూది నిండా మట్టి అన్నారా?"

"అన్నారు."

"ఎంతమంది?"

"చాలామంది."

ఆయన లేచాడు. హమ్మయ్య అనుకునేలోపే, వెళ్ళకుండా దూలం కింద నిలబడి విల్లు తాడు విప్పడం మొదలుపెట్టాడు.

"విల్లు తర్వాత తెచ్చుకుందాం నాన్నా, పద."

"నా విల్లు ఇక్కడెందుకు?"

తాడు తడిసి ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగుతున్నాడు, రావడం లేదు. ఆయన నెత్తి మీద, తెల్ల జుట్టు మీద మట్టి రాలుతోంది. అరిస్తే ఆయన ఆగి నన్ను తిట్టడానికి నిలబడిపోతాడు. పరుగెత్తి ఆయన పక్కన నిలబడి, ముడి పళ్ళతో పట్టి లాగాను. ఆ దూలం కింద, ఆ మట్టి కింద, నేను. ముడి వదిలింది. ఆయన విల్లు భుజాన వేసుకుని, గూటం చంకలో పెట్టుకుని, నా వంక చూడకుండా గడప దాటాడు. ఆయన వెనకాలే నేనూ దాటాను.

రాఘవమ్మ గారు ఎదురొచ్చారు. "అదేంటి ఇమాం గారూ, ఎక్కడికి?"

"మీకు తలనొప్పులెందుకులే తల్లీ," అన్నాడు నాన్న. ఆగకుండా మా ఇంటి సందులోకి నడిచాడు. ఆవిడ కంగారుగా, "ఇమాం గారూ, ఆగండి" అంటూ వెంట పడ్డారు. సభ్యులు టీ గ్లాసులతో నిలబడి ఆ వింత చూస్తున్నారు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"వీడికేం పుట్టింది?" అంటూ యలమందయ్య బాబాయి వచ్చాడు. "తప్పుకో, లోపలేం జరిగిందో చూస్తాను."

"వెళ్ళొద్దు బాబాయ్."

నన్ను పక్కకి నెట్టి గడప మీద కాలు పెట్టాడు. నేను ఆయన మెళ్ళో కండువా రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం బురదలో పడ్డాం. ఆయన తిట్టు సగం నోట్లోనే ఉంది. లోపల కిర్రుమంది, తర్వాత బరువుగా ఏదో కూర్చున్నట్టయింది. గుమ్మంలోంచి మట్టీ దూదీ కలిసి మా ముఖాల మీద కొట్టాయి. పెద్ద చప్పుడేం కాలేదు. గడప ఉంది, తలుపు ఉంది, మధ్య గది లేదు. బాబాయి పైకి లేవకుండా అలాగే కూర్చుని, చిన్నపిల్లాడిలా నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన గొంతు పెగలడం నేను మళ్ళీ సాయంత్రం గానీ వినలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఇమాం గారు అలిగి లేచిపోవడం అందరి అదృష్టమని ఊరంతా అనుకుంది. ఆ అలక ఎలా వచ్చిందో తెలిసింది నాకూ మా నాన్నకే. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. విల్లుని గోడకి తగిలించి దాని మీద దుప్పటి కప్పాడు. మిద్దె కూలిందని చెప్తే "ఊఁ" అన్నాడంతే. చావు తప్పిందన్న సంతోషం ఆయన ముఖంలో లేదు. దూది నిండా మట్టి అన్న మాటే ఆయన మీద కూలింది.

కొన్నాళ్ళకి రాఘవమ్మ గారు ఇంటికొచ్చారు. కుర్చీలో కూర్చోగానే ఏడ్చేశారు.

"షమా మాట వినలేదు ఇమాం గారూ. మీరు గనక ఆ రోజు లేచి రాకపోతే... ఇంతకీ తలనొప్పి అంటూ ఏదో అన్నారు, ఎవరన్నారు ఆ మాట?"

"మీ ఆఫీసులో విన్నారంటగా."

"అలాంటి మాట ఒక్కటి కూడా మేం వినలేదండీ."

ఆవిడ వెళ్ళాక నాన్న నన్ను పిలిచాడు. ఎన్నాళ్ళకో పిలిచాడు.

"అబద్ధం చెప్పావా?"

"చెప్పాను. లేకపోతే నువ్వు లేవవు నాన్నా."

"సరే. మరి నిజంగా నా గురించి ఏమన్నారు? ఆ ఫోనులో ఉంటాయిగా. వినిపించు."

మిద్దె కింద ముడి విప్పినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు. ఎందుకంటే ఆ రికార్డులన్నీ నేను అప్పటికే వెతికాను. ఆయన అడుగుతాడని తెలిసి, ఒక్కటంటే ఒక్క మంచి మాట దొరుకుతుందేమోనని మొదటి నుంచి చివరి దాకా విన్నాను. తట్ట గురించి చెప్పారు, బాత్రూం గురించి చెప్పారు, ఘాటు గురించి చెప్పారు. ఆయన ముందు చప్పట్లు కొట్టినవాళ్ళే గుమ్మం దాటాక ఆయన్ని మర్చిపోయారు. ఒక్కరు కూడా ఆయన పేరెత్తలేదు.

"ఫోను పాడైంది నాన్నా," అన్నాను.

"ఇంకో అబద్ధమా?"

నేను ఫోను తీసి ఆయన ముందు పెట్టాను. ఇద్దరం విన్నాం. "తట్ట మొయ్యడం సూపరండీ." "మా పాప కూడా వేసింది." ఒకటి తర్వాత ఒకటి. ఆయన తల వంచుకుని వింటున్నాడు. తన మాట వస్తుందని ఎదురుచూస్తున్నాడు, రావడం లేదు. నేను ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కాసేపటికి నాకర్థమైంది, ఆయన ఆ మాటలు వినడం లేదు. మాటల వెనకాల, దూరంగా, టంయ్ టంయ్ మంటూ ఆయన విల్లు మోగుతోంది. అన్ని రికార్డుల్లోనూ ఉంది. నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

"ఆ రోజు నరం వదులైంది," అన్నాడు. ఇంకోటి విని, "ఇది బాగా పలికింది" అన్నాడు. ముఖం కాస్త తేలికపడింది.

ఉన్నట్టుండి "ఆపు" అన్నాడు.

"ఏమైంది?"

"విల్లు వెనకాల అదేంది? కిర్రుమంటోంది."

"దూలం నాన్నా."

"మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టాను. ఇంకో రోజుది అడిగాడు, అదీ పెట్టాను. ఇంకోటి. అన్నిట్లోనూ ఉంది, పోనుపోనూ గట్టిపడుతోంది. ఆయన లాల్చీ ఆ జనవరి చలిలోనూ చెమటతో వీపుకి అంటుకుపోయింది. తల మెల్లగా పైకెత్తి మా ఇంటి శ్లాబు వంక చూశాడు, తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా మోతలో నాకు వినపళ్ళేదే. నువ్వు రోజూ ఇది వింటూనే వాకిట్లో నిలబడ్డావా?"

"ఊఁ."

"పిరికిదానివి," అన్నాడు అలవాటుగా. ఎప్పటిలా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. నా చెయ్యి వదలకుండా, ఫోను ఆపెయ్యమని ఇంకో చేత్తో సైగ చేశాడు.